ఏ నీళ్ల కోసం మొక్కుకుందో ఆ నీళ్ల మీదే

ఆ పుల్ల కొంచెం లోపలికి నెట్టరా చిన్నోడా, మంట అంటుకుంటుంది. బుజ్జీ, పొగ వైపు కాకుండా ఇటొచ్చి నా పక్కన కూర్చో. ఆనకట్ట తెగిన ఏడు సంగతి అడిగారు కదూ, చెప్తాను. మా ఇంటిల్లిపాదీ పడవ మీద దుర్గమ్మ దగ్గరికి వెళ్లిన ముచ్చట కూడా అందులోదే. ఒకటి చెప్పకుండా రెండోది చెప్పడం కుదరదు.

1952 సెప్టెంబరు నెల. నాట్లు అయిపోయాయి. మా పొలాలు బందరు కాలువ శివారులో ఉండేవి. శివారంటే తెలుసా? కాలువకు చిట్టచివర. పైవాళ్లందరూ పెట్టుకోగా మిగిలిన నీళ్లు మాకు. ఎద్దడి వస్తే ముందు ఎండేది మేమే, వరదొస్తే ముందు మునిగేదీ మేమే. ఆ ఏడు పైరు బాగా తిప్పుకుంది. అంతలో ఒకనాడు పొద్దున్నే ఎవరో సైకిలు మీద వచ్చి, బెజవాడలో ఆనకట్టకు గండి పడిందని చెప్పారు. నాకింకా పూర్తిగా ఊహ తెలియని వయసు. అయినా మా నాన్న నాగలి భుజాన పెట్టుకోబోయి మళ్లీ కింద పెట్టేసింది మాత్రం గుర్తుంది.

ఇప్పుడు మీరు చూసే బ్యారేజీ కాదు తెగింది. అంతకు ముందుది, పాత ఆనకట్ట. కాటన్ దొర తలపెడితే కెప్టెన్ ఓర్ అనే దొర దగ్గరుండి కట్టించాడు. 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. అంటే అప్పటికి దాదాపు నూరేళ్ల కట్టడం. ఆ నూరేళ్లలో మా వాళ్లు మూడు తరాలు దాని మీదే బతికారు. అది లేని రోజులు ఎలా ఉండేవో మా నాయనమ్మకు వాళ్ల నాయనమ్మ చెప్పిందట. డొక్కల కరువని 1832-33లో వచ్చింది, నందన కరువని కూడా అంటారు. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. దారుల పక్కన మనుషులు పడిపోయి ఉంటే ఎత్తి పూడ్చేవాళ్లు కూడా లేరట. నది పక్కనే పారుతున్నా పొలానికి చుక్క ఎక్కదు, నీరంతా సముద్రంలోకి పోతుంది. ఆ మాట చెప్పేటప్పుడల్లా మా నాయనమ్మ గొంతు మారిపోయేది. తను చూసింది కాదు. విన్నది మాత్రమే. అయినా ఆ భయం ఆవిడ ఒంట్లో ఉండేది.

అందుకని గండి కబురు వినగానే ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. కాలువ రేవుకు వెళ్లింది. నీళ్లు అప్పటికే మెట్టు దిగిపోయాయి. అక్కడే నిలబడి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటకట్టి మొక్కుకుంది. "అమ్మా దుర్గమ్మా, కాలువకు నీళ్లు మళ్లిస్తే మా ఇంటిల్లిపాదినీ తీసుకుని నీ కొండకు వస్తాను. నా చేతి బియ్యం కృష్ణమ్మకు పోస్తాను." ఆ మూట దేవుడి గూట్లో పెట్టింది. సర్కారు వాళ్లు గండి దగ్గర తాత్కాలికంగా అడ్డుకట్ట వేసి నీళ్లు మళ్లించారు. మా చేను కొంత ఎండింది, కొంత నిలిచింది. తిండికి మాత్రం తడుముకోలేదు.

మొక్కు వెంటనే తీర్చలేకపోయాం. ఒక ఏడు మేనత్త పెళ్లి, ఇంకో ఏడు ఇంట్లో జబ్బులు. మధ్యలో మద్రాసు నుంచి విడిపోయి 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1954 ఫిబ్రవరిలో కొత్త బ్యారేజీకి శంకుస్థాపన చేశారని విన్నాం. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి నాయనమ్మ మా నాన్నను నిలవనివ్వలేదు. "కొత్తది లేవకముందే వెళ్లాలిరా. పాతది ఇంకా ఉండగానే దానికో దణ్ణం పెట్టుకోవాలి" అనేది. దేవుడికి మొక్కిన మనిషి కట్టడానికి దణ్ణం ఎందుకు పెట్టాలో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది.

సరే, 1955లో కుదిరింది. ఆ ఏడు అధిక మాసం రావడంతో దసరా అక్టోబరు నెలాఖరుకు పడింది. బడికి సెలవులు. మా తమ్ముడికి పుట్టు వెంట్రుకలు తీయించాలి. ఇంట్లో అందరూ ఖాళీ. మా నాన్న బస్సులో పోదామన్నాడు. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం లోపు బెజవాడలో దిగచ్చు. నాయనమ్మ ససేమిరా అంది.

"ఏ నీళ్ల కోసం మొక్కుకున్నానో ఆ నీళ్ల మీదే వెళ్తాను. బస్సెక్కి దుమ్ములో పోతే నా మొక్కు చెల్లదు" అంది.

మా నాన్న ఎదురు చెప్పలేదు. పెద్దవాళ్ల మాటకు విలువిచ్చే రోజులని అనుకోకండి, అప్పుడూ ఇంట్లో గొడవలు ఉండేవి. ఆ మాటలో మాత్రం న్యాయం ఉందని ఆయనకు తోచింది.

మా ఊరి ధాన్యం బెజవాడ మిల్లులకు తోలుకెళ్లే పడవ ఒకటి ఉండేది. దాని సరంగును మేము మావయ్యా అని పిలిచేవాళ్లం. ఆయన పడవలో సగం బస్తాలు వేసి, సగం మాకు ఖాళీ ఉంచాడు. చాపలు పరిచి, పైన తాటాకు కప్పు వేశారు. అమ్మ, నాయనమ్మ, మేనత్త, ఆవిడ మామగారు, బాబాయి, మేము పిల్లలం. సామాను సంగతి చెప్పాలంటే, ఓ కాపురం మొత్తం ఎక్కింది. బియ్యం, పప్పు, ఊరగాయ జాడీ, జంతికలు, సున్నుండలు, అరటిగెల, ఇనప కుంపటి, బొగ్గుల సంచి. మొదటి పూటకి పులిహోర, దద్దోజనం ఇంట్లోనే కలిపి విస్తరాకుల్లో కట్టారు. వీటన్నిటికన్నా ముందు ఎక్కింది ఒక చిన్న ఇత్తడి బిందె. అందులో మా చేలో పండిన అక్కుళ్ల బియ్యం, పసుపు కలిపినవి. మీరు అక్కుళ్లు తిని ఉండరు. కృష్ణకాటుకలనీ, బంగారుతీగలనీ మరికొన్ని ఉండేవి. అన్నం వండితే వీధి చివరికి వాసన వచ్చేది. తర్వాత మసూరీలు వచ్చి అవన్నీ పోయాయి. ఎక్కువ పండేవి కావు మరి, రైతుని తప్పు పట్టలేం.

మేము ఎగువకు వెళ్తున్నాం. ఆ నెలలో కాలువ నిండుగా పారేది. ఏటికి ఎదురు పోవాలంటే ఇద్దరు కళాసీలు గట్టు మీద నడుస్తూ మోకు భుజాన వేసుకుని లాగాలి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్లు, లేకపోతే గెడ. మోకు లాగేవాళ్ల అడుగులు గట్టు మీద దారి చేసేశాయి, గడ్డి మొలవని ఒక సన్నటి గీత. తుమ్మచెట్టు అడ్డొచ్చిన చోట తాడు కొమ్మల మీదుగా ఎగరేసి అందుకునేవాళ్లు. వాళ్లు పాడుకునే పాటలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ పూర్తిగా రాదు నాకు. అది నాకు బాధే. ఆ మనుషుల భుజాల మీద ఎంత ధాన్యం నడిచిందో, వాళ్ల పాటల్ని రాసిపెట్టినవాళ్లు తక్కువ.

పడవలో కూర్చుంటే ఊళ్లు వెనక వైపు నుంచి కనిపిస్తాయి. రోడ్డు మీద పోతే ఊరి ముఖం కనిపిస్తుంది, కాలువ మీద పోతే పెరళ్లు. అంట్లు తోముకునేవాళ్లు, గేదెల్ని కడిగేవాళ్లు, బట్టలుతికేవాళ్లు. అందరూ పలకరించేవాళ్లు. "ఏ ఊరమ్మా? ఎక్కడికి?" "బెజవాడ, అమ్మవారికి." అంతే, ఒకామె చీర చెంగున ముడి విప్పి అణా బిళ్ల పడవలోకి విసిరేది, హుండీలో వేయమని. ఇంకొకామె గుప్పెడు బంతిపూలు ఇచ్చేది. మేము బెజవాడ చేరేసరికి నాయనమ్మ దగ్గర తెలియని వాళ్ల మొక్కులు ఒక మూటయ్యాయి. ఎవరిది ఎంతో లెక్క లేదు, కానీ ఒక్క కానీ కూడా మా ఖర్చులో కలవకుండా వేరే సంచిలో పెట్టింది.

ఒక ఊళ్లో పంతులుగారు బడిపిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, నోట దసరా పద్యాలు. అది పంతుళ్లకు మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు. మా పడవ చూసి గట్టు మీదకి పరిగెత్తుకొచ్చి మాక్కూడా పద్యం చదివారు. అమ్మ జంతికలు పంచింది.

తాగేది కాలువ నీళ్లే. బిందెలో పట్టి, చిల్లగింజ రాయి మీద అరగదీసి అందులో కలిపితే కాసేపటికి బురదంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేది. అప్పటికి కాలువలో ఇప్పటి చెత్త లేదు. మురుగు కాలువకు వేరే దారి, మంచినీటి కాలువకు వేరే దారి ఉండేవి. ఇప్పుడు పట్నం దాటేసరికి ఆ నీళ్లలో ఏం కలుస్తుందో నేను చెప్పక్కర్లేదు, మీరే ముక్కు మూసుకుంటారు. ఇది నన్ను చాలా కలవరపెట్టే సంగతి, ఇప్పుడు వద్దులే.

అసలు విడ్డూరం లాకు. కాలువ వాలుకు తగ్గట్టు అక్కడక్కడ నీళ్ల మట్టం మారుతుంది. కింది మట్టం నుంచి పై మట్టానికి పడవ ఎలా ఎక్కాలి? పడవ రెండు జతల తలుపుల మధ్య ఉన్న తొట్టిలోకి వెళ్తుంది. వెనక తలుపులు మూస్తారు. లస్కరు ఇనప కడ్డీ తిప్పితే ముందు తలుపుల అడుగునున్న తూముల్లోంచి నీళ్లు బుసకొట్టుకుంటూ లోపలికి వస్తాయి. పడవ మెల్లగా, మనం కూర్చున్న చోటే, పైకి లేస్తుంది. గోడల రాళ్లు ఒకటొకటిగా నీళ్లలోకి దిగిపోతాయి. మేము పైకి వచ్చామా, గోడ కిందికి పోయిందా తెలియదు. మట్టాలు సమం అయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. మా తమ్ముడు ఏడుపు మొదలెట్టాడు. నేను మాత్రం నాయనమ్మను చూస్తున్నాను. ఆవిడ లేచి, ఆ తడిసిన చెక్క తలుపుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. లస్కరుకు కొబ్బరి చిప్ప, అరటిపండు ఇచ్చింది. దారిలో వచ్చిన ప్రతి లాకు దగ్గరా అంతే చేసింది. మేనత్త మామగారు కొంచెం చాదస్తపు మనిషి, "గుళ్లో పెట్టాల్సిన బొట్టు తలుపులకేంటి వదినా" అన్నారు. "ఈ తలుపు తీయకపోతే మీ ఇంట్లో పొయ్యి వెలగదు అన్నయ్యా" అంది. ఆ మాట తర్వాత ఆయన కూడా లేచి దణ్ణం పెట్టారు.

రాత్రి లాంతరు ముందు కొసకు కట్టారు. పడవవాళ్లు వంతులేసుకుని లాగుతున్నారు. రెండు వైపులా పొట్ట మీదున్న వరి, ఆ వాసన, కప్పలు, మంచు. ఏ ఊళ్లోనో హరికథ జరుగుతుంటే ఆ తాళాలు చాలా దూరం మా వెంట వచ్చాయి. నాయనమ్మ నిద్రపోలేదు. ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పరా అని మా నాన్నను అడిగింది. ఆయన హైస్కూలు చదివిన మనిషి. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, మరాఠీ దేశం, కన్నడ దేశం దాటి, శ్రీశైలం లోయల్లోంచి వచ్చి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పాడు. "అన్ని దేశాలు తిరిగొచ్చి మన చేలో ఆగుతోంది" అంది ఆవిడ. అంత దూరం నుంచి వచ్చే నది తన మడి వెతుక్కుంటూ వచ్చిందని ఆవిడ నమ్మకం.

బెజవాడలో బందరు లాకుల దగ్గర దిగాం. అప్పటి బెజవాడ ఇప్పుడున్నంత లేదు కానీ మాకు మహా పట్నమే. జట్కాలు, రిక్షాలు, రైలు కూతలు. స్టేషను పెద్ద జంక్షను, మద్రాసు పోయే బళ్లూ, కలకత్తా పోయే బళ్లూ, హైదరాబాదు పోయే బళ్లూ అక్కడే కలిసేవి. రేడియో స్టేషను వచ్చి ఏడేళ్లయింది. సత్రంలో ఒక గది దొరికింది. దసరా రద్దీకి గదులు ఎక్కడున్నాయి, వరండాలో కూడా జనమే. ఒక కుటుంబం పలనాడు నుంచి, ఇంకొకటి తిరువూరు నుంచి. సాయంత్రానికి ఊరగాయలు మారిపోయాయి. వాళ్ల గోంగూర మాకు, మా మామిడికాయ వాళ్లకు.

మర్నాడు తెల్లవారుజామున నది స్నానానికి. అప్పటికి ఎగువన నాగార్జునసాగర్ లేదు. ఆ డిసెంబరు 10న కదా నెహ్రూ గారు దానికి శంకుస్థాపన చేసింది. శ్రీశైలం డ్యాము లేదు, పులిచింతల లేదు. నది తన ఇష్టప్రకారం వచ్చేది, పోయేది. ఆ పొద్దున ఎర్రగా, వెడల్పుగా, అవతలి సీతానగరం కొండ దాకా ఒకటే ప్రవాహం. ఒడ్డున గుంజలు పాతి మోకులు కట్టారు, వాటిని పట్టుకుని మునగాలి. నాన్న నా చెయ్యి వదల్లేదు. పురోహితుడు సంకల్పం చెప్పించాడు. మా తాతయ్యకు నాన్న పిండప్రదానం చేశాడు.

అక్కడి నుంచి చూస్తే కొత్త బ్యారేజీ స్తంభాలు వరసగా లేస్తున్నాయి. పక్కనే పాత ఆనకట్ట, నీళ్ల కింద సగం దాక్కుని. రాళ్లు మోసేవాళ్లు, సిమెంటు కలిపేవాళ్లు, పండగైనా కొందరు పనిలో ఉన్నారు. నాయనమ్మ మెడలోతు నీళ్లలో నిలబడి ముందు పాత ఆనకట్ట వైపు తిరిగి దణ్ణం పెట్టింది. తర్వాత ఇత్తడి బిందె తెప్పించుకుని, అక్కుళ్ల బియ్యం గుప్పెడు గుప్పెడు నదిలో పోసింది. పక్కవాళ్లు పూలు వేస్తున్నారు, దీపాలు వదులుతున్నారు, చిల్లర వేస్తున్నారు. బియ్యం పోసేవాళ్లు ఇంకెవరూ లేరు. చివర్న బిందె కడిగి, ఆ నీళ్లే పట్టుకుంది, ఇంటికి తీసుకెళ్లడానికి.

తర్వాత కొండ. ఇప్పుడంటే ఘాట్ రోడ్డు మీద కార్లు పైకి పోతున్నాయి. మేము మెట్ల దారినే ఎక్కాం. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే మొక్కు ఆడవాళ్లది, మెట్ల పూజ. అమ్మా, మేనత్తా చేశారు. వంగీ లేచీ నడుములు పడిపోయాయి. ఆ రోజు మూలా నక్షత్రం, అమ్మవారికి సరస్వతీ అలంకారం. నా పలక, బలపం వెంట తెచ్చుకున్నాను. బారులో ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను కానీ లోపలికి వెళ్లాక అమ్మవారి ముఖం ఒక్కటే కనిపించింది, పసుపు ముఖం, పెద్ద కళ్లు, ముక్కుపుడక. కృష్ణమ్మ పొంగి వచ్చి ఆ ముక్కుపుడకను అందుకున్న నాడు కలియుగం ముగుస్తుందని అంటారు. నేను భయపడి నదిని వెనక్కి తిరిగి చూశాను. చాలా కిందుంది. పక్కనే మల్లేశ్వరస్వామి. అర్జునుడు తపస్సు చేసి శివుడి దగ్గర పాశుపతం పొందింది ఈ ఇంద్రకీలాద్రి మీదేనని నాన్న చెప్పాడు. తమ్ముడి గుండు అయ్యింది, వాడు తన జుట్టు తనకు తిరిగి ఇచ్చేయమని ఒకటే పేచీ.

దర్శనమయ్యాక అందరూ ప్రసాదం కోసం కూర్చుంటే, నాయనమ్మ నాన్నను పిలిచి, "మన కాలువ ఏదిరా? చూపించు" అంది. కొండ అంచు నుంచి ఆయన చెయ్యి చాచి చూపించాడు. అదిగో, కొండ కిందనే తూర్పు కాలువ తల. ఊళ్లోకి వెళ్లాక చీలుతుంది. అది ఏలూరు కాలువ, అది రైవస్ కాలువ, ఇదిగో ఇది బందరు కాలువ, మనది. ఏలూరు దగ్గర కృష్ణ నీళ్ల కాలువా, గోదావరి నీళ్ల కాలువా కలుస్తాయని, పడవ మీద ఈ నది నుంచి ఆ నదికి పోవచ్చని కూడా చెప్పాడు. అవతలి ఒడ్డున గుంటూరు వైపు కాలువలు. ఆవిడ చాలాసేపు అలా చూస్తూ నిలబడింది. మంచు తేరుకున్నాక కాలువలు ఎండకు తళతళలాడుతూ చెట్ల మధ్య దూరంగా, మా ఊరి దిక్కుకు పోతున్నాయి. నాకు ఆ కొండ మీద ఎక్కువ గుర్తున్నది గర్భగుడి కాదమ్మా. గుడి వైపు వీపు పెట్టి, కాలువ వైపు చేతులు జోడించిన మా నాయనమ్మ. అలా నిలబడటం తప్పని ఎవరూ అనలేదు. ఆవిడ మొక్కు అక్కడ తీరింది.

మిగతా రోజులు సెలవులు సెలవుల్లాగే గడిచాయి. బాబాయి మమ్మల్ని గాంధీనగరంలో బాబాయి హోటలుకు తీసుకెళ్లి ఇడ్లీ తినిపించాడు, పైన వెన్న వేసి ఇచ్చారు. ఆ నెలలోనే విడుదలైన దొంగరాముడు సినిమా చూశాం. అన్నపూర్ణ వాళ్ల మొదటి సినిమా అది. నాగేశ్వరరావు, సావిత్రి. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది, తమ్ముడు నిద్రపోయాడు. కొండ కింద అక్కన్న మాదన్నల గుహల్లో పిల్లలం దాగుడుమూతలు ఆడాం. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులు వాళ్లు. ఒకరోజు పడవ దాటి సీతానగరం వెళ్లి, అక్కణ్ణుంచి నడిచి ఉండవల్లి గుహలు చూశాం. నదికి అప్పటికి రైలు వంతెన ఉంది కానీ రోడ్డు వంతెన లేదు. మామూలు జనం పడవ దాటాల్సిందే. ఉండవల్లిలో కొండనే తొలిచి అంతస్తులు చేశారు. లోపల అనంతశయనుడు, ఒకే రాతిలో, ఆ చివర నుంచి ఈ చివరకు పడుకుని. నాయనమ్మ ఆయన పాదాల దగ్గర కూర్చుని, "ఈయన కూడా నీళ్ల మీదే పడుకున్నాడు" అంది.

విజయదశమి సాయంత్రం తెప్పోత్సవం చూసి కానీ బయల్దేరలేదు. ఉత్సవమూర్తుల్ని దీపాలతో అలంకరించిన వాహనం మీద నదిలో ఊరేగిస్తారు. ఒడ్డంతా తల వేస్తే రాలనంత జనం. వరద ఎక్కువున్న ఏడు వాహనాన్ని ఒడ్డునే కట్టి పూజ చేస్తారు, ఈ మధ్యా అలా చేశారు కదా. ఆ రాత్రి మేము నాన్న భుజాల మీద వంతులేసుకుని ఎక్కాం.

తిరుగు ప్రయాణం వాలు కదా, తొందరగా అయిపోయింది. మోకు లాగే పని లేదు, తెరచాప ఎత్తారు, ప్రవాహమే తీసుకొచ్చింది. ఇంటికొచ్చాక నాయనమ్మ ఆ బిందెలో నీళ్లు మా చేలో ప్రతి మడికీ కొంచెం కొంచెం చల్లింది.

బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైంది. ప్రకాశం గారు ఆ ఏడు మే నెలలోనే పోయారు, అందుకే ఆయన పేరు పెట్టారు. 70 తలుపులు, పైన రోడ్డు. దాంతో గుంటూరు జనానికి బెజవాడ పక్క వీధి అయిపోయింది. లారీలు ఎక్కువయ్యాయి, మిల్లులు ధాన్యం లారీల్లో తెప్పించుకోవడం మొదలెట్టాయి. పడవలు ఒక్కొక్కటే గట్టెక్కాయి. మా సరంగు మావయ్య పడవ రేవులోనే ఎండి, చీలి, చివరికి ఎవరి పొయ్యిలోకో పోయింది. లాకుల తలుపులు ఇప్పుడు కదలవు. కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాలు ఇంకా ఆ కాలువల మీదే బతుకుతున్నాయి, కానీ ఆ నీళ్ల మీద ప్రయాణం చేసినవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలాం.

నది కూడా మారిపోయింది. పైన డ్యాములు నిండితే కానీ కిందికి రాదు. కొన్ని ఏళ్లు ఆగస్టు దాకా కాలువలు ఎండిపోయి మీ మావయ్యలు ఎంత తిట్టుకున్నారో మీకు తెలుసు. 2015 నుంచి పట్టిసీమలో గోదావరి నీళ్లు ఎత్తి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారు. 2016 ఆగస్టులో పుష్కరాలకు మేము వెళ్లినప్పుడు ఆ సంగమం దగ్గరే మునిగాం. మా నాయనమ్మ ఉంటే ఏమనేదో అనుకున్నాను. రెండు నదులూ తన మడి కోసం కలిశాయని అనేది, అనుమానం లేదు. మరో పక్క, వచ్చిందంటే ఆగదు. 2009 అక్టోబరులో బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది, అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మీ పెద్దమ్మ వాళ్లు మేడ మీద ఉండి పాలకోసం కేకలు వేసిన సంగతి మర్చిపోయారా? కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ తలుపులకు తగిలాయి. ఆ వార్త టీవీలో వస్తున్నంతసేపూ నేను ఆ గోడ నిలబడాలని మొక్కుతూనే ఉన్నాను. 1952లో రేవు మెట్ల మీద నిలబడ్డ మా నాయనమ్మకు ఏమైందో ఆ రోజు నాకు తెలిసింది.

మీ అమ్మానాన్నలు కారులో వెళ్తారు, ఫోనులోనే టికెట్లు తీసుకుంటారు, లిఫ్టులో ఎక్కుతారు, గంటలో దర్శనం అయిపోతుంది. నేను కాదనను, నా మోకాళ్లకూ లిఫ్టే కావాలి. అమ్మవారు ఎలా వచ్చినా చూస్తుంది. కానీ మనం ఏం తింటున్నామో, అది ఏ నీళ్లలో పండిందో, ఆ నీళ్లు ఏ కట్ట దగ్గర మళ్లుతున్నాయో ఒక్కసారైనా కళ్లారా చూసి రావాలమ్మా. దుర్గమ్మ దగ్గరికి మన డెల్టా వాళ్లు వెళ్లే యాత్రలో అది సగం. గుడి చూసి నదిని చూడకుండా వస్తే ఆ సగం మిగిలిపోయినట్టే.

అందుకని రేపు మనం దుర్గమ్మ దగ్గరికి బయల్దేరేటప్పుడు అల్లుడుగారికి నేను చెప్తాను. హైవే మీద వద్దు, ముందు బందరు లాకుల దగ్గర ఆగుదాం. అక్కడ తలుపులు, గోడలు చూపిస్తాను. తర్వాత బ్యారేజీ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుద్దాం, చిన్నోడా నువ్వు తలుపులు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే కొండ. పైకెక్కాక నన్ను అంచుకు తీసుకెళ్లండి, మన కాలువ ఏదో నేను చూపిస్తాను, ఇళ్లు అడ్డొచ్చినా నాకు గుర్తే. ఒసేయ్ అమ్మాయ్, వంటింట్లో పై అరలో ఇత్తడి బిందె ఉంది, దింపి చింతపండు పెట్టి తోమించు. మన చేలో బియ్యం ఒక సోలెడు పసుపు కలిపి అందులో పోయి. ఇప్పుడు వస్తున్నవి ఏ రకమో కూడా నాకు తెలియదు, పర్వాలేదు, ఆ నీళ్లతో పండినవే కదా. పొద్దున్నే అయిదింటికి లేపుతాను, మళ్లీ చలి చలి అని దుప్పట్లు లాక్కోవద్దు.